కెనడా: చూడవలసిన నగరాలు, నేలలు

వైశాల్యంలో రష్యా తర్వాత ప్రపంచంలోకెల్లా పెద్ద దేశం కెనడా. దాదాపు 99.8 లక్షల చదరపు కిలోమీటర్ల నేల, అంటే భారతదేశానికి మూడింతలు. అంత నేల మీద ఉన్న జనం 2023 జూన్‌లో 4 కోట్లు దాటారు. 2011 లెక్కల ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లోనే అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. పది ప్రావిన్సులు, మూడు టెరిటరీలు, ఆరు కాలమండలాలు ఉన్న దేశమిది. తూర్పు కొసన ఉన్న సెయింట్ జాన్స్ నగరానికి సొంత దేశంలోని వాంకూవర్ కంటే సముద్రం అవతలి లండన్ దగ్గర.

కెనడా యాత్ర గురించి ముందుగా చెప్పవలసిన మాట ఈ దూరాల గురించే. ఒక్క విడతలో ఈ దేశాన్ని చూడటం ఎవరి వల్లా కాదు. టొరంటోలో దిగి, నాలుగు రోజులు నయాగరా వైపు తిరిగి, విమానంలో వాంకూవర్ చేరి ఫోటోలు తీసుకుంటే రెండు ఊళ్ళు చూసినట్టే తప్ప దేశం చూసినట్టు కాదు. ఒక ప్రాంతాన్ని ఎంచుకుని అక్కడే నిలిచి తిరిగినవారికి కెనడా తన్నుతాను చూపిస్తుంది.

జనాభాలో మూడింట రెండు వంతుల మంది అమెరికా సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపే నివసిస్తారు. క్విబెక్ నగరం నుంచి విండ్సర్ దాకా సాగే ఒక్క పట్టీలోనే దేశ జనాభాలో దాదాపు సగం ఉంది. మిగతా నేలంతా అడవి, బండరాయి, సరస్సు, మైదానం, మంచు. ఆ నేలను మలచింది మంచుయుగాల హిమానీనదాలు. ఊళ్ళను కట్టింది ఓడల్లోనూ రైళ్ళలోనూ వచ్చిన వలసజనం. వీళ్ళందరికంటే వేల ఏళ్ళ ముందు నుంచీ అక్కడ ఉన్నవారు మూలవాసులు: ఫస్ట్ నేషన్స్ జాతులు, ఇన్యూట్. తర్వాతి కాలంలో మూలవాసులకూ ఐరోపా వలసదారులకూ పుట్టిన సంతతి నుంచి ఏర్పడిన మెటిస్ జాతి కూడా మూలవాసుల్లో భాగమే. ఏ ఊరికి వెళ్ళినా ఇక్కడ మొదట ఎవరున్నారు, తర్వాత ఎవరు ఏ దారిన వచ్చారు అని అడిగి తెలుసుకున్న యాత్రికుడికి భవనాలు, అంగళ్ళు, తిండి, వీధుల పేర్లు అన్నీ అర్థవంతమవుతాయి.

2021 జనాభా లెక్కల్లో దేశ జనాభాలో 23 శాతం మంది, అంటే 83 లక్షలకు పైగా, వేరే దేశంలో పుట్టి వచ్చినవారే. 450కి పైగా భాషలు నమోదయ్యాయి. మూలవాసులు 18 లక్షల మంది, జనాభాలో 5 శాతం. ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ అధికార భాషలు. 1971లో ప్రధాని పియర్ ట్రూడో బహుళ సంస్కృతుల విధానాన్ని ప్రకటించాడు. 1988లో అది చట్టమైంది. ఈ వైవిధ్యం ఎవరూ దయతో ఇచ్చింది కాదు. గెంటివేతలు, తలపన్నులు, నిర్బంధ శిబిరాల చరిత్ర దాటుకుని వచ్చినవారు పోరాడి నిలబెట్టుకున్నది. ఆ చరిత్ర జాడలు కూడా ఈ దేశంలో చూడవలసిన స్థలాలే.

అట్లాంటిక్ తీరం

మన యాత్రికులు ఎక్కువగా వదిలేసేది తూర్పు తీరాన్నే. నా అంచనాలో కెనడా కథ మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. న్యూఫౌండ్‌లాండ్ దీవి ఉత్తర కొసన ఉన్న లాన్స్ ఓ మెడోస్‌లో నార్స్ నావికులు కట్టుకున్న మట్టి ఇళ్ళ పునాదులు 1960లో బయటపడ్డాయి. అక్కడ దొరికిన నరికిన కొయ్య ముక్కలను పరీక్షించిన శాస్త్రవేత్తలు అవి క్రీ.శ. 1021లో నరికినవని 2021లో తేల్చారు. కొలంబస్ కంటే దాదాపు 470 ఏళ్ళ ముందన్నమాట. అదే దీవిలోని గ్రోస్ మోర్న్ జాతీయ ఉద్యానంలో టేబుల్‌ల్యాండ్స్ అనే పసుపు గోధుమ రంగు కొండ ఉంది. భూమి లోపలి పొరలో ఉండవలసిన రాయి అక్కడ పైకి తేలి పడి ఉంది. దాని మీద మొక్క మొలవడమే అరుదు. పక్క కొండ పచ్చగా ఉంటే ఇది బోడిగా నిలిచి ఉంటుంది.

న్యూఫౌండ్‌లాండ్ 1949లోగానీ కెనడాలో కలవలేదు. అక్కడి గడియారం పక్క ప్రావిన్సుల కంటే అరగంట తేడాతో నడుస్తుంది. దీవి బతుకంతా కాడ్ చేప మీద నడిచేది. చేప తరిగిపోయి 1992లో ప్రభుత్వం వేట ఆపేయించేసరికి వేల కుటుంబాలు ఒక్కసారిగా జీవనాధారం పోగొట్టుకున్నాయి. ఒడ్డున రంగురంగుల ఇళ్ళున్న చిన్న పల్లెల్లో ఇప్పుడు యాత్రికులకు ఆతిథ్యం ఇస్తున్నవారిలో ఆ జాలరి కుటుంబాల వారు చాలామంది. మే, జూన్ నెలల్లో గ్రీన్‌లాండ్ నుంచి విడివడిన మంచుకొండలు ఆ పల్లెల ముందు నుంచే తేలుతూ పోతాయి. సెయింట్ జాన్స్‌లోని సిగ్నల్ హిల్ మీద 1901 డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ అవతలి నుంచి వచ్చిన వైర్‌లెస్ సంకేతాన్ని అందుకున్నాడు.

నోవా స్కోషియా రాజధాని హాలిఫాక్స్‌లో 1928 నుంచి 1971 దాకా ఓడల్లో వచ్చినవారంతా దిగిన పియర్ 21 ఇప్పుడు వలసల జాతీయ మ్యూజియం. దాదాపు పది లక్షల మంది ఆ హాలు గుండా దేశంలోకి అడుగుపెట్టారు. ఆ రేవు దుఃఖం కూడా చూసింది. 1917 డిసెంబరు 6న పేలుడు పదార్థాలు నింపుకున్న ఫ్రెంచి ఓడ మరో ఓడను ఢీకొని పేలి దాదాపు 2,000 మంది చనిపోయారు, ఊరి ఉత్తర భాగం నేలమట్టమైంది. టైటానిక్ మృతుల్లో 121 మంది సమాధులు ఈ ఊళ్ళోని ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానంలో ఉన్నాయి.

నోవా స్కోషియాకూ న్యూ బ్రన్స్‌విక్‌కూ మధ్య ఉన్న ఫండీ అఖాతంలో సముద్రపు పోటు 16 మీటర్ల దాకా ఎత్తు లేస్తుంది. ప్రపంచంలో ఇంత ఎత్తు పోటు మరెక్కడా రాదు. అఖాతం పొడవు, ఆకారం వల్ల లోపలి నీరు ఊగే లయ సముద్రపు పోటు లయతో కలిసిపోవడమే కారణం. హోప్‌వెల్ రాక్స్ దగ్గర ఆటు సమయంలో బండల కింద సముద్రపు నేల మీద నడవవచ్చు. ఆరు గంటలు ఆగితే అదే చోట పడవ నడుస్తుంది. రెండూ చూడకపోతే అక్కడికి వెళ్ళిన ఫలితం సగమే. పోటు వేళల పట్టిక చూసుకుని వెళ్ళాలి.

ఫ్రెంచి కెనడా

సెయింట్ లారెన్స్ నది వెంట పైకి వెళితే క్విబెక్ నగరం. 1608లో ఫ్రెంచి అన్వేషకుడు శాంప్లేన్ స్థాపించిన ఈ ఊరికి మెక్సికోకు ఉత్తరాన మరే నగరానికీ మిగలని కోటగోడలున్నాయి. 1985 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. పటాల్లో కనిపించే ఆకుపచ్చ కప్పుల షాతో ఫ్రోంట్‌నాక్ రాజుల కోట కాదు, 1893లో కెనడియన్ పసిఫిక్ రైల్వే కట్టిన హోటలు. ఊరి పక్కనున్న ప్లెయిన్స్ ఆఫ్ అబ్రహామ్ మైదానంలో 1759లో జరిగిన యుద్ధంలో బ్రిటిషువారు ఫ్రెంచి సేనలను ఓడించారు. ఆ ఓటమి ఫలితంగా 1763లో ఈ నేల బ్రిటన్ చేతికి పోయింది. ఇప్పుడు అక్కడ పిల్లలు పరుగులు తీసే పార్కు ఉంది. కానీ ఓడిపోయినవారు భాషను వదులుకోలేదు. 1977 నాటి భాషా చట్టం, బడుల్లో, కొలువుల్లో, దుకాణాల బోర్డుల మీద ఫ్రెంచికి ఇచ్చిన పెద్దపీట దాని ఫలితమే. దేశం నుంచి విడిపోవాలా అన్న ప్రశ్నపై 1995లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో వద్దన్నవారు 50.58 శాతం. అంత సన్నని తేడాతో ఈ దేశం కలిసి ఉంది. మాతృభాష కోసం జనం నిలబడటం ఎలా ఉంటుందో చూడాలనుకునే తెలుగువారు క్విబెక్‌లో కొన్ని రోజులైనా ఉండాలి. దుకాణంలో మొదట ఒక్క ‘బోంజూర్’ అంటే చాలు, ఎదుటివారి ముఖం విప్పారుతుంది.

మాంట్రియల్ అదే నది మధ్యలోని దీవి మీద ఉన్న నగరం. నడుమ ఉన్న మౌంట్ రాయల్ కొండకంటే ఎత్తుగా ఏ భవనమూ లేవకూడదని నిబంధన ఉంది. కొండ మీది పార్కు రూపశిల్పి న్యూయార్క్ సెంట్రల్ పార్కును తీర్చిన ఓమ్‌స్టెడ్. 1967లో ఇక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శనకు 5 కోట్ల సందర్శనలు నమోదయ్యాయి. ఆ ప్రదర్శన కోసం మోషే సాఫ్దీ రూపొందించిన హాబిటాట్ 67 ఇళ్ళ సముదాయం, బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గోళాకార కట్టడం ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. సెయింట్ లారెన్స్ వీధికి పడమట ఇంగ్లీషువారు, తూర్పున ఫ్రెంచివారు ఉండేవారు. నడుమ వీధిలో యూదులు, ఇటాలియన్లు, గ్రీకులు, పోర్చుగీసువారు ఒకరి తర్వాత ఒకరు దుకాణాలు తెరిచారు. తూర్పు ఐరోపా యూదులు తెచ్చిన బేగెల్ ఇక్కడ తేనె కలిపిన నీటిలో ఉడికించి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. వేడివేడిగా తినాలి. వేయించిన బంగాళాదుంపల మీద చీజ్, చిక్కని పులుసు పోసే పూటిన్ ఈ ప్రావిన్సు ప్రసిద్ధ వంటకం. ఆ పులుసు మామూలుగా మాంసపు రసంతో చేస్తారు కాబట్టి శాకాహారులు అడిగి తీసుకోవాలి.

ప్రపంచంలోని మేపుల్ సిరప్‌లో దాదాపు 70 శాతం క్విబెక్ నుంచే వస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం ఉన్నప్పుడు చెట్టులో రసం కదులుతుంది. చెట్టుకు చిన్న రంధ్రం చేసి రసం పట్టి కాచుతారు. ఒక లీటరు పాకానికి 40 లీటర్ల రసం కావాలి. ఈ విద్యను వలసవచ్చినవారికి నేర్పినవారు మూలవాసులు. చెట్లమధ్య ఉన్న పంచదార గుడిసెల్లో ఆ కాలంలో పెట్టే భోజనం, మంచు మీద పోసి చుట్టి ఇచ్చే పాకం, మన ఊళ్ళలో చెరకు గానుగ దగ్గర బెల్లం పాకం తిన్నవారికి వెంటనే నచ్చుతాయి.

రాజధాని ఒట్టావా ఈ రెండు భాషల హద్దు మీద ఉంది. 1857లో విక్టోరియా రాణి ఎంపిక చేసిన ఊరు ఇది. 1832లో పూర్తయిన 202 కిలోమీటర్ల రిడో కాలువ చలికాలంలో గడ్డకట్టినప్పుడు నగరంలోని 7.8 కిలోమీటర్ల మేర జనం స్కేటింగ్ చేస్తూ ఆఫీసులకు వెళ్తారు. 2023 చలికాలంలో గడ్డ గట్టిపడక, ఆ దారి మొట్టమొదటిసారి తెరుచుకోలేదు. మే నెలలో పూసే తులిప్ పూల వెనుక రెండో ప్రపంచ యుద్ధపు కథ ఉంది. ఇక్కడ తలదాచుకున్న డచ్చి రాజకుమారి జూలియానా కృతజ్ఞతగా పంపడం మొదలుపెట్టిన దుంపలే అవి. నది దాటి గాటినోలో ఉన్న కెనడా చరిత్ర మ్యూజియంకు ఒక పూర్తి రోజు పెట్టుకోవాలి.

టొరంటో, నయాగరా

టొరంటోను చాలామంది 553 మీటర్ల సీఎన్ టవర్‌తో గుర్తుపెట్టుకుంటారు. 1976లో పూర్తయి మూడు దశాబ్దాలు ప్రపంచంలో అతి ఎత్తయిన స్వతంత్ర నిర్మాణంగా నిలిచిన ఆ గోపురం చూడదగ్గదే. కానీ టొరంటో సొగసు నేలమీద, ట్రామ్ బండి వెళ్ళే వీధుల్లో ఉంది. టొరంటో మహానగర ప్రాంతంలో 2021 నాటికి దాదాపు 47 శాతం మంది విదేశంలో పుట్టినవారు. స్పడైనా, కెన్సింగ్టన్ మార్కెట్ ప్రాంతంలో ఒక పూట నడిస్తే ఆ మాట లెక్కగా కాక మనుషులుగా కనిపిస్తుంది. కెన్సింగ్టన్‌లో మొదట తూర్పు ఐరోపా యూదులు ఇళ్ళ ముందరి భాగాలనే అంగళ్ళుగా మార్చారు. తర్వాత పోర్చుగీసువారు, కరీబియన్ దీవులవారు, లాటిన్ అమెరికా వారు వచ్చారు. పాత ప్రార్థనామందిరం ఉన్న వీధిలోనే జమైకా తిండి, మెక్సికో రొట్టెలు దొరుకుతాయి. కొత్తగా వచ్చినవారు పాతవారి అంగడి అద్దెకు తీసుకుని నిలదొక్కుకోవడం, వారి పిల్లలు శివారుకు తరలిపోవడం ఈ నగరంలో ప్రతి జాతికీ జరిగింది.

మనవారి కథ కూడా అదే దారి. 1972లో జెరార్డ్ వీధిలో నాజ్ అనే హాలులో హిందీ సినిమాలు ఆడటం మొదలయ్యాక దాని చుట్టూ చీరల కొట్లు, మిఠాయి దుకాణాలు వెలిసి ఇండియా బజారు ఏర్పడింది. వలసకు జాతిని చూడకుండా చదువు, నైపుణ్యాలకు పాయింట్లు వేసే పద్ధతి 1967లో రావడం వల్లే అది సాధ్యమైంది. ఆ తర్వాతి తరాలు బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు పోయాయి. ఈ శతాబ్దంలో పెద్ద సంఖ్యలో వచ్చిన తెలుగు విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కూడా ఎక్కువగా ఆ శివార్లలోనే ఉంటున్నారు. అక్కడ ఇడ్లీ పిండి, గోంగూర దొరుకుతాయి, తెలుగు సినిమాలు ఆడతాయి, ఉగాదికి హాళ్ళు నిండుతాయి. రిచ్‌మండ్ హిల్‌లో దక్షిణ భారత పద్ధతిలో కట్టిన గణేశ ఆలయం ఉంది. అయితే పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు ఆ శివారు ఇంట్లో టీవీ ముందు నెలలు గడిపి తిరిగిపోవడం చూస్తే బాధేస్తుంది. ట్రామ్, మెట్రో రైళ్ళు ఎక్కడం వారికి ఒక్క రోజులో నేర్పవచ్చు.

ఈ నగరం నిలిచిన నేల మిస్సిసాగా జాతివారిది. బ్రిటిషువారు చాలా తక్కువ ముట్టజెప్పి కొన్నామని చెప్పుకున్న ఆ భూమికి సంబంధించిన వివాదం 2010లో, కెనడా ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్లు చెల్లించాక పరిష్కారమైంది.

టొరంటో నుంచి 130 కిలోమీటర్ల దూరంలో ఉంది నయాగరా. కెనడా వైపు గుర్రపు నాడా ఆకారంలో ఉన్న జలపాతం ఎత్తు దాదాపు 57 మీటర్లు. దీనికంటే ఎత్తయినవి ప్రపంచంలో చాలా ఉన్నాయి. దీని గొప్పతనం నీటి పరిమాణంలో ఉంది. ఈ నీటిని రెండు దేశాలు కరెంటు కోసం మళ్ళిస్తాయి. 1950 నాటి ఒప్పందం ప్రకారం యాత్రా కాలంలో పగటిపూట సెకనుకు కనీసం లక్ష ఘనపుటడుగులు జలపాతం మీదుగా వదలాలి. రాత్రిళ్ళు, చలికాలంలో అందులో సగం చాలు. అంటే వేసవి పగలు చూసే జలపాతానికీ అర్ధరాత్రి జలపాతానికీ నీటిలోనే తేడా ఉంటుంది. దాదాపు 12,000 ఏళ్ళ క్రితం పుట్టిన చోటు నుంచి రాతిని కోసుకుంటూ ఇది 11 కిలోమీటర్లు వెనక్కి జరిగింది. జలపాతం పక్కనున్న వినోదశాలల వీధి మీద సమయం పెట్టవద్దు. నది దిగువన ఉన్న లోయ వెంట నడవండి.

శరదృతువులో వచ్చినవారు నయాగరాతో ఆగకుండా అల్గాన్‌క్విన్ పార్కుకు వెళ్ళాలి. 1893లో ఏర్పడిన ఈ అడవిలో సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మొదటి వారం దాకా మేపుల్ ఆకులు ఎర్రబడతాయి. చిత్రకారుడు టామ్ థామ్సన్ ఈ సరస్సులనే గీశాడు, 1917లో ఇక్కడే నీటిలో పడి చనిపోయాడు. అతని మిత్రులు 1920లో ‘గ్రూప్ ఆఫ్ సెవెన్’గా ఏర్పడి కెనడా నేలకు చిత్రకళలో రూపమిచ్చారు.

మైదానాలు

ఒంటారియో దాటడానికే కారులో రెండు రోజులు పడుతుంది. సుపీరియర్ సరస్సు ఒడ్డున బండరాళ్ళు, దేవదారు జాతి అడవి తప్ప ఊళ్ళు తక్కువ. ఆపైన మానిటోబా, సస్కాచివాన్, ఆల్బెర్టా గోధుమ మైదానాలు. వీటిని విసుగు పుట్టించే దారి అనేవారున్నారు, నేనొప్పుకోను. అంత ఆకాశం మరెక్కడా దొరకదు. 1891 నుంచి వచ్చిన ఉక్రెయిన్ రైతులు ఈ నేలను దున్నారు. వారి చర్చీల ఉల్లిగడ్డ ఆకారపు గుమ్మటాలు పొలాల మధ్య దూరం నుంచే కనిపిస్తాయి.

విన్నిపెగ్‌లో రెండు నదులు కలిసే ఫోర్క్స్ స్థలంలో మూలవాసులు వేల ఏళ్ళుగా కలుసుకునేవారు. 2014లో తెరిచిన మానవ హక్కుల మ్యూజియం అక్కడే ఉంది. నది అవతల సెయింట్ బోనిఫాస్ చర్చి ముంగిట లూయీ రియెల్ సమాధి ఉంది. మెటిస్ జాతి హక్కుల కోసం తిరుగుబాటు నడిపి 1885లో ఉరికంబమెక్కిన రియెల్‌ను ఈనాడు మానిటోబా వ్యవస్థాపకుడిగా గౌరవిస్తున్నారు. ఫిబ్రవరిలో అతని పేర సెలవు దినం ఉంది.

విన్నిపెగ్ నుంచి ఉత్తరాన హడ్సన్ అఖాతం ఒడ్డున చర్చిల్ ఊరికి రోడ్డు లేదు. దాదాపు 1,700 కిలోమీటర్ల రైలు ప్రయాణం రెండు రోజులు పడుతుంది. అక్టోబరు, నవంబరులో సముద్రం గడ్డకట్టడానికి ఎదురుచూస్తూ ధ్రువపు ఎలుగుబంట్లు ఇక్కడ పోగవుతాయి, ఎందుకంటే గడ్డ మీద నుంచే అవి సీల్ జంతువులను వేటాడగలవు. ఎవరైనా ఎలుగుకు ఎదురుపడితే దూరి తప్పించుకోవాలని ఊరివారు కారు తలుపులకు తాళం వేయరు. గడ్డ ఆలస్యంగా కట్టి త్వరగా కరుగుతున్నకొద్దీ ఎలుగులకు తిండి దొరికే రోజులు తగ్గిపోతున్నాయి.

ఆల్బెర్టాలో డ్రమ్‌హెలర్ దగ్గర డైనోసార్ల మ్యూజియం పిల్లలకు తప్పక చూపాలి. జులైలో జరిగే కాల్గరీ స్టాంపీడ్ పశువుల కాపరుల సంబరం 1912లో మొదలైంది.

రాకీ పర్వతాలు

1883లో రైలుదారి పనివాళ్ళకు బాన్ఫ్‌లో వేడినీటి ఊటలు కనిపించాయి. 1885లో ప్రభుత్వం ఆ చోటును రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. కెనడాలో మొదటి జాతీయ ఉద్యానం అలా పుట్టింది. రైల్వే కంపెనీకి ప్రయాణికులు కావాలి, అందుకే 1888లో అక్కడ పెద్ద హోటలు కట్టింది. ఆ లోయల్లో తరతరాలుగా వేటాడుకుంటున్న స్టోనీ నకోడా జాతివారిని మాత్రం పార్కులోంచి వెళ్ళగొట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రుదేశపు పౌరులన్న పేరుతో నిర్బంధించిన ఉక్రెయిన్ వలసకూలీలతో ఇక్కడి రోడ్లు వేయించారు. కాసిల్ మౌంటెన్ దగ్గర వారి స్మారకం ఉంది. ఆగి చూడండి.

లూయిస్, మొరైన్ సరస్సుల నీలపచ్చ రంగుకు కారణం హిమానీనదం రాతిని నూరి తెచ్చే మెత్తని పిండి. నీటిలో తేలే ఆ పొడి మీద పడిన వెలుగులో నీలం, పచ్చ మాత్రమే మన కంటికి తిరిగివస్తాయి. కరుగు నీరు చేరాక, జూన్ చివరి నుంచి రంగు నిండుగా ఉంటుంది. రద్దీ వల్ల 2023 నుంచి మొరైన్ సరస్సుకు సొంత కార్లను వదలడం లేదు, బస్సులోనే వెళ్ళాలి.

లేక్ లూయిస్ నుంచి జాస్పర్ దాకా దాదాపు 230 కిలోమీటర్ల ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే ప్రపంచంలోని గొప్ప రోడ్లలో ఒకటి. నడుమ ఉన్న కొలంబియా మంచుమైదానం నుంచి కరిగిన నీరు పసిఫిక్, ఆర్కిటిక్, అట్లాంటిక్ మూడు సముద్రాలకూ చేరుతుంది. అథాబాస్కా హిమానీనదం గత 125 ఏళ్ళలో కిలోమీటరున్నరకు పైగా వెనక్కి పోయింది. ఏ ఏడు మంచు అంచు ఎక్కడుందో చెప్పే రాళ్ళు దారి పొడవునా నాటారు. 2024 జులైలో అడవి మంటలు జాస్పర్ ఊరిలో దాదాపు మూడో వంతు కట్టడాలను కాల్చేశాయి. ఊరు మళ్ళీ లేస్తోంది, యాత్రికులు వెళ్ళడమే దానికి సాయం.

వాంకూవర్, పసిఫిక్ తీరం

తూర్పునూ పడమరనూ కలిపిన రైలుమార్గపు చివరి మేకు 1885 నవంబరు 7న క్రేగెలాకీలో దిగింది. బ్రిటిష్ కొలంబియా కొండల్లో ఆ దారి వేసినవారిలో దాదాపు 15,000 మంది చైనా కూలీలు. సొరంగాల్లో, పేలుళ్ళలో వందల మంది చనిపోయారు. దారి పూర్తయిన ఏడాదే చైనా నుంచి వచ్చే దాదాపు ప్రతి మనిషి మీద 50 డాలర్ల తలపన్ను వేశారు. 1903 నాటికి అది 500 డాలర్లయింది. 1923 నుంచి 1947 దాకా వారి రాకనే దాదాపు నిషేధించారు. 2006లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. వాంకూవర్ చైనాటౌన్‌లో నడిచేవారు ఈ సంగతి తెలిసి నడవాలి.

భారతీయులకు కోల్ హార్బర్ ఒడ్డున ఉన్న కొమగాటా మారు స్మారకం మరింత దగ్గరి స్థలం. సొంత దేశం నుంచి ఆగకుండా నేరుగా వస్తేనే అనుమతి అన్న 1908 నాటి నిబంధన భారతీయులను ఆపడానికే పెట్టింది, ఎందుకంటే అలా వచ్చే ఓడ లేదు. దాన్ని సవాలు చేస్తూ గురుదిత్ సింగ్ అనే సిక్కు వ్యాపారి అద్దెకు తీసుకున్న కొమగాటా మారు ఓడ 376 మంది ప్రయాణికులతో 1914 మే 23న ఈ రేవుకు వచ్చింది. అందరూ బ్రిటిష్ సామ్రాజ్య పౌరులే, ఎక్కువ మంది సిక్కులు. రెండు నెలలు ఓడలోనే నిలిపి, రెండు డజన్ల మందిని తప్ప మిగతా అందరినీ జులై 23న తిప్పి పంపారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగినప్పుడు పోలీసు కాల్పుల్లో దాదాపు ఇరవై మంది చనిపోయారు. 2016లో ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. వాంకూవర్‌కు తూర్పున అబట్స్‌ఫర్డ్‌లో సిక్కు రంపపు మిల్లు కార్మికులు కొయ్య మోసి కట్టుకున్న 1911 నాటి గురుద్వారా జాతీయ చారిత్రక స్థలం. ఈ రెండూ చూడకుండా భారతీయ యాత్రికుడు వాంకూవర్ వదలకూడదని నా గట్టి అభిప్రాయం.

నగరం అందానికొస్తే, కొండ, సముద్రం, అడవి ఒక్కచోట కలిసే ఇలాంటి నగరాలు అరుదు. 400 హెక్టార్ల స్టాన్లీ పార్కు చుట్టూ ఒడ్డు వెంట నడకదారి ఉంది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలోని మానవశాస్త్ర మ్యూజియంలో హైడా శిల్పి బిల్ రీడ్ పసుపు దేవదారు కొయ్యలో చెక్కిన కాకి విగ్రహం దగ్గర ఎంతసేపైనా నిలబడవచ్చు. హైడా జాతి దీవులైన హైడా గ్వాయిలో, 1862 మశూచి తర్వాత జనం ఖాళీ అయిన స్గాంగ్ గ్వాయ్ ఊరిలో పాత స్మారక స్తంభాలు నిలబడి ఉన్నాయి. ఆ జాతి కావలివారే యాత్రికులకు దారి చూపుతారు. వాంకూవర్ దీవికి ఫెర్రీలో వెళితే కథీడ్రల్ గ్రోవ్‌లో 800 ఏళ్ళ నాటి డగ్లస్ ఫర్ చెట్లు చూడవచ్చు.

ఉత్తరం

మూడు టెరిటరీలు దేశ భూమిలో దాదాపు 40 శాతం. అక్కడి జనం మొత్తం లక్షా పాతిక వేలకు అటూ ఇటూ. యూకాన్‌లో 1896లో బంగారం దొరికాక దాదాపు లక్ష మంది చేరాలని బయలుదేరిన డాసన్ సిటీ ఇప్పటికీ కొయ్య కాలిబాటల ఊరే. ఎల్లోనైఫ్‌లో ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా, మళ్ళీ డిసెంబరు నుంచి మార్చి దాకా ధ్రువకాంతులు కనిపించే అవకాశం బాగా ఉంటుంది. 1999 ఏప్రిల్ 1న ఏర్పడిన నూనవుట్‌లో ఇన్యూట్ ప్రజలు అధిక సంఖ్యాకులు. 20 లక్షల చదరపు కిలోమీటర్ల ఆ నేలలో ఒక ఊరి నుంచి మరో ఊరికి రోడ్డు లేదు, విమానమే దిక్కు. అక్కడి కిన్‌గైట్ ఊరి కళాకారుల అచ్చుచిత్రాలు ప్రపంచ ప్రసిద్ధం.

ఎక్కడ తిరిగినా మూలవాసుల పట్ల జరిగిన అన్యాయం ఎదురవుతుంది. కుటుంబాల నుంచి విడదీసి దాదాపు 1.5 లక్షల మంది పిల్లలను చర్చీలు నడిపే ఆశ్రమ బడుల్లో పెట్టారు. వారి భాష మాట్లాడితే కొట్టారు, వేల మంది చనిపోయారు. ఆఖరి బడి 1990లలోగానీ మూతపడలేదు. 2008లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది, 2015లో విచారణ సంఘం తుది నివేదిక వచ్చింది. 2021 నుంచి సెప్టెంబరు 30 జాతీయ స్మరణ దినం. టొరంటోకు 100 కిలోమీటర్ల దూరంలోని బ్రాంట్‌ఫర్డ్‌లో అలాంటి ఒక బడి భవనాన్ని, అక్కడ చదివినవారి కోరికపై కూల్చకుండా స్మారకంగా నిలిపారు.

ప్రయాణ విషయాలు

భారతీయులకు వీసా తప్పనిసరి. పిల్లలు పౌరులో శాశ్వత నివాసులో అయితే తల్లిదండ్రులకు 2011లో మొదలైన సూపర్ వీసా ఉంది. ఒకసారి వస్తే ఐదేళ్ళ దాకా ఉండవచ్చు, ఆరోగ్య బీమా మాత్రం ఉండి తీరాలి. టొరంటో నుంచి వాంకూవర్‌కు నాలుగు రాత్రుల రైలు 4,466 కిలోమీటర్లు పోతుంది. పట్టాలు సరుకు రవాణా కంపెనీలవి కాబట్టి గూడ్సు బళ్ళకు దారి ఇస్తూ గంటల తరబడి ఆలస్యం కావచ్చు. చివరి రోజున విమానం పెట్టుకోవద్దు. జులై, ఆగస్టులలో పడమట అడవి మంటల పొగ రావచ్చు. 2023లో దేశవ్యాప్తంగా దాదాపు కోటిన్నర హెక్టార్లు కాలి, ఎల్లోనైఫ్ నగరాన్నే ఖాళీ చేయించారు. కాబట్టి రాకీలకు సెప్టెంబరు మొదటి సగం మంచిది.

పిల్లల దగ్గరికి నెలల తరబడి వెళ్ళే అమ్మానాన్నలకు ఒక మనవి. అందులో పది రోజులు మరో ప్రాంతానికి కేటాయించుకోండి, అట్లాంటిక్ తీరమైనా సరే, రాకీలైనా సరే. బాన్ఫ్ గదులు, మొరైన్ బస్సు, చర్చిల్ రైలు నెలల ముందే నిండిపోతాయి. తేదీలు తేలగానే మొదట కొనవలసిన టికెట్లు అవే.